టిక్కు పెట్టని ఆఖరి ప్రశ్న

మొన్న మా కాలేజీలో మొదటి ఏడు పిల్లలకు పరీక్ష పెట్టాను. పేపర్లు పంచుతుంటే ముందు బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, తెలియదు అని పెడితే మార్కు పోతుందా?" అని అడిగింది. "పోదు. తెలియనిదాన్ని తెలుసని పెడితే పోతుంది" అన్నాను. ఆ జవాబు నా నోటికి తడుముకోకుండా వచ్చేసింది. అది నా మాట కాదు. శ్రీకాకుళం దగ్గర నేను ఎంబీబీఎస్ చదివిన కాలేజీలో మా మేడమ్ మాట. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు విజయనగరం వైపు మరో కాలేజీలో నేను ఆవిడ పరీక్షే పెడుతున్నాను, ఆవిడ మాటలే వల్లిస్తున్నాను. జీతం మాత్రం నేను తీసుకుంటున్నాను.

ముందు ఆ పరీక్ష సంగతి చెప్పాలి. అది లేకుండా ఆవిడను తలుచుకోవడం నా వల్ల కాదు. మామూలు పరీక్షల్లో చెప్పిన పాఠం మీద ప్రశ్నలుంటాయి. ఆవిడ పేపర్లో మొత్తం డాక్టరు చదువంతా ఉండేది. మొదటి ఏడు పిల్లలకూ, ఆఖరి ఏడు వాళ్ళకూ, మధ్యలో ఉన్నవాళ్ళకూ అందరికీ అదే పేపరు, అదే రోజు. డాక్టరై బయటికి వెళ్ళే మనిషికి ఏం తెలిసి ఉండాలో అదంతా అడిగేవారు. కొన్ని నెలలకోసారి మళ్ళీ కొత్త ప్రశ్నలతో మరొకటి. దానికి చదివి రావడం కుదరదు. యూనివర్సిటీ మార్కుల్లో కలవదు. ప్రతి ప్రశ్న కిందా జవాబుల వరసలో చివర 'తెలియదు' అని ఉండేది. ఒప్పుకి మార్కు వస్తుంది, తప్పుకి పోతుంది, 'తెలియదు'కి రాదు, పోదు. కాలేజీలో చేరిన కొత్తల్లోనే ఆ పేపరు మా ముందు పెడితే హాల్లో చాలామంది కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అందరం ర్యాంకులు కొట్టి వచ్చినవాళ్ళం. ఏదో ఒకటి పెట్టు, ఖాళీ మాత్రం వదలకు అని కోచింగుల్లో తలకెక్కించుకుని వచ్చినవాళ్ళం. పెన్ను పట్టుకుని 'తెలియదు' దగ్గర టిక్కు పెట్టడమంటే నామోషీగా ఉండేది.

మేడమ్ పొట్టి మనిషి. నూలు చీర, ఎడం చేతికి మగవాళ్ళ గడియారం. పరీక్ష హాల్లోకి చెప్పులు బయట విడిచి వచ్చేవారు. "మీరు ఆలోచించుకుంటుంటే నా చెప్పుల టపటపలెందుకు?" అనేవారు. మాకు అదే పెద్ద గండం. ఎప్పుడు వెనక వచ్చి నిలబడ్డారో తెలిసేది కాదు. మా పేర్లు ఆవిడకు గుర్తుండేవి కావు, లేదా గుర్తుపెట్టుకునే ఓపిక లేదు. ఊరి పేరుతోనే పిలిచేవారు. నాది బొబ్బిలి దగ్గర పల్లె, వరి పండించుకునే ఇల్లు. నేను 'బొబ్బిలి'ని. మా బ్యాచ్‌లో ఫస్టు ర్యాంకువాడు 'ఆమదాలవలస', వాళ్ళ నాన్నకు అక్కడ ధాన్యం వ్యాపారం. "ఒరే ఆమదాలవలసా, టేషన్లో ఆగని రైల్లాగ ఎల్పోతన్నావేటి? ప్రశ్న పూర్తిగా సదివినావా?" అంటే హాలంతా నవ్వేది, వాడొక్కడు తప్ప.

పాఠం చెప్పేటప్పుడు అచ్చు పుస్తకంలా మాట్లాడే మనిషికి, కోపమొచ్చినా ప్రేమొచ్చినా ఉద్దానం మాట వచ్చేసేది. సముద్రం వార కొబ్బరి, జీడిమామిడి తోటలున్న ఆ ప్రాంతంలోనే ఆవిడ పుట్టి పెరిగారు. మధ్యాహ్నం స్టీలు క్యారియర్లో చోడి అంబలి, అంటే రాగి జావ, తెచ్చుకుని, స్టాఫ్ రూములో తక్కినవాళ్ళు మొహాలు చూసుకుంటున్నా లెక్కచెయ్యకుండా ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగేవారు. ఒకసారి ఎవరో పెద్ద ప్రొఫెసరు దాని గురించి హాస్యమాడితే, "కొంచెం పొయ్యమంటారా?" అని అడిగి నిజంగానే గ్లాసులో పోసి ఇచ్చారు. ఆయన తాగక తప్పలేదు.

పరీక్ష అయిన వారంలోనే ఒక్కొక్కళ్ళనీ తన గదికి పిలిచేవారు. ఇందులో మాత్రం ఏనాడూ ఆలస్యం చెయ్యలేదు. ఎదురుగా స్టూలు. బల్ల మీద గ్రాఫు కాగితం. ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం ముక్కున్న పెన్సిలు. తెలిసినవి నీలం గీత, తప్పులు ఎర్ర గీత. చేరిన రోజునుంచి మన గీతలు మన కళ్ళముందే సాగేవి. నీలం గీత ఏడాదికేడాది పైకి పోయేది, దాని మీద ఆవిడకు పెద్ద పట్టింపు లేదు. "సదివితే అదే లేస్తాది" అనేవారు. ఎర్ర గీత మీదే చూపంతా. మొదట్లో మాకేమీ తెలియదు కాబట్టి భయపడి 'తెలియదు' పెట్టేవాళ్ళం, ఎర్ర గీత కింద ఉండేది. రెండో ఏడు, మూడో ఏడు వచ్చేసరికి నాలుగు పుస్తకాలు తిరగేసి, ప్రతిదీ తెలుసన్న ధీమాతో టిక్కులు కొట్టేవాళ్ళం. నీలంతోపాటు ఎరుపూ లేచేది. అప్పుడు పెన్సిలు తిప్పి, ఒక తప్పు మీద పెట్టి, ఆవిడ అడిగేది ఒక్కటే ప్రశ్న.

"ఇది నీకు తెలుసా, తెలుసనుకున్నావా?"

అంతే. తిట్టు లేదు, మెచ్చుకోలు లేదు. మనం ఏదో ఒకటి చెప్పేదాకా పెన్సిలు ఆ తప్పు మీదనుంచి కదిలేది కాదు. ఆమదాలవలస ఆ స్టూలు మీదనుంచి లేచి వచ్చినప్పుడల్లా రెండురోజులు మెస్సుకు వచ్చేవాడు కాదు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఈవిడకు ఏం పోయింది, పాసవుతున్నాం కదా అనుకునేదాన్ని. హాస్టల్లో ఆవిడ నడకను, ఆ ప్రశ్నను అనుకరించి అందర్నీ నవ్వించిన దాన్ని నేనే.

ప్రశ్నలన్నీ ప్రతిసారీ మారేవి, ఆఖరి ప్రశ్న మాత్రం మారేది కాదు. ఉద్దానంలో అంతమందికి కిడ్నీలు పాడవడానికి కారణమేమిటి? నీళ్ళు, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు, తెలియదు. పేపరు దిద్దేటప్పుడు దానికి టిక్కూ పెట్టేవారు కాదు, ఇంటూ పెట్టేవారు కాదు. ఒప్పేదో చెప్పమంటే "ఇంకా దిద్దలేదు" అనేవారు. మేము మొదటి ఏడు 'తెలియదు' పెట్టాం, నిజంగానే తెలియదు కనక. తర్వాత తలొకటీ పెట్టాం. ఆమదాలవలస ప్రతిసారీ నీళ్ళే. నేను మూడో ఏడు 'నొప్పి మాత్రలు' పెట్టాను.

ఆ వారం నా వంతు వచ్చినప్పుడు ఆవిడ గ్రాఫు తియ్యలేదు. పేపరు ఆఖరి పేజీ తిప్పి, "ఇదెందుకు పెట్టావు?" అని అడిగారు.

"నొప్పి మాత్రలు కిడ్నీలకు చేటని పుస్తకంలో ఉంది మేడమ్."

"ఉంది. నిజమే. నేను అడిగింది అదేనా?"

ఆవిడ పెన్సిలు అటూ ఇటూ దొర్లించి, పుస్తకం గొంతుతోనే మొదలుపెట్టారు. తన తండ్రికి ఆ జబ్బే. జీడితోటలో, కొబ్బరితోటలో ఒళ్ళు దాచుకోకుండా పనిచేసిన మనిషి. సాయంత్రమయ్యేసరికి నడుం నొప్పి, కాళ్ళు లాగడం. తల్లి బడ్డీకొట్టు నుంచి నొప్పి బిళ్ళలు తెచ్చి తన చేత్తో ఇచ్చేది. ఈవిడ మెడిసిన్ చదువుతూ సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి తండ్రి మంచం పట్టాడు. చూడ్డానికి చుట్టాలంతా వచ్చారు. గూట్లో బిళ్ళల అట్టలు కనిపించాయి. ఆ అట్టలు చేత్తో పట్టుకుని, అందరి ముందూ, "కిడ్నీలు పోయింది వీటివల్లే" అని చెప్పారట.

"నీలాగే. పుస్తకంలో ఉందని" అన్నారు. తర్వాత గొంతు మారిపోయింది. "అమ్మ అప్పటినుంచి ఎవులికీ ఏదీ సేతికి ఇవ్వదే, బొబ్బిలీ. నాక్కూడా. మంచినీళ్ళైనా కింద పెట్టి ఎల్పోతాది. తన సేత్తో ఇచ్చిందేదైనా మడిసిని సంపీసిద్దని."

ఆ తర్వాత హాస్టల్లో ఆవిడను అనుకరించడం మానేశాను.

ఆఖరి ఏడు ఒకరోజు ఆవిడ పాఠానికి వచ్చి పుస్తకం తెరవలేదు. ఆ మధ్య చెప్పులు విడవడం మానేశారని, వెడల్పాటి మగ చెప్పులు వేసుకుంటున్నారని మేమంతా చూస్తూనే ఉన్నాం. చూసి, ఎవరికి తోచింది వాళ్ళు మనసులో అనుకుని, నోరు మెదపకుండా ఊరుకున్నాం. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, చీర అంచు చీలమండ పైకి లాగి, కాలు మరో స్టూలు మీద పెట్టారు. "ఒరే ఆమదాలవలసా, రా. నొక్కు" అన్నారు.

వాడు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని బొటనవేలితో నొక్కాడు. వేలు తీశాక చర్మం మీద గుంట అలాగే ఉండిపోయింది.

"ఏటిది?"

"వాపు మేడమ్. గుంట పడుతోంది."

"కారణాలు?"

"గుండె, కాలేయం, కిడ్నీ..."

"ఈ పేషెంటుది ఉద్దానం. నాన్న అదే జబ్బుతో పోయాడు. రక్తంలో క్రియాటినిన్ పెరిగింది. ఇప్పుడు సెప్పు."

"ఆ జబ్బే మేడమ్."

"ఎందుకొచ్చింది?"

వాడు తల వంచుకుని, "తెలియదు మేడమ్" అన్నాడు.

"కిందటి పేపర్లో నీళ్ళని పెట్టావు. అంతకుముందూ నీళ్ళనే పెట్టావు. ఈ మధ్యలో కొత్తగా ఏం సదివావు?"

"ఏమీ చదవలేదు మేడమ్."

"మరి?"

వాడు ఏడ్చేశాడు. ఆవిడ చీర సర్దుకుని, చెప్పులు తొడుక్కుని, బోర్డు వైపు తిరిగి ఆ రోజు పాఠం ఎప్పటిలాగే చెప్పారు. నేను ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. అంత కఠినంగా తన రోగాన్ని తానే పాఠం చేసి చెప్పిన మనిషి మీద నాకు కోపం వచ్చింది. ఆ వెంటనే భయం వేసింది. ఆవిడ లేకపోతే మేమేమవుతామన్న భయం.

నేను హౌస్ సర్జన్సీ చేసే రోజుల్లోనే ఆవిడకు డయాలసిస్ మొదలైంది. అయినా సెలవు పెట్టకుండా, ఒక చేతికి సూదుల మచ్చలతో, మరో చేత్తో పేపర్లు దిద్దేవారు. తర్వాత అదీ కుదరక సొంతూరు వెళ్ళిపోయారు. నేను విశాఖలో పీజీ చేస్తూ, వీలైనప్పుడల్లా పలాస రైలెక్కి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. వాళ్ళింటికి మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ తల్లిని చూశాను. సన్నగా, వంగిపోయి, చెవులకు బరువైన తమ్మెట్లతో. నాకు మంచినీళ్ళు తెచ్చి, నేను చెయ్యి చాపుతుండగానే గ్లాసు అరుగు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. నేను వంగి గ్లాసు తీసుకున్నాను.

డయాలసిస్ కేంద్రంలోనూ అంతే. కూతురు వేసుకోవలసిన బిళ్ళలు పళ్ళెంలో పెట్టి, పళ్ళెం బల్ల మీద పెట్టి, దూరంగా పోయి కూర్చునేది. మేడమ్ చెయ్యి చాచి అందుకోలేకపోతే నర్సు వచ్చి ఇచ్చేది. తల్లి గోడవైపు చూసేది.

ఒకరోజు మిషను తిరుగుతుండగా మేడమ్ నన్ను దగ్గరికి రమ్మన్నారు. మొహం పాలిపోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నీళ్ళు కొలిచి తాగాలి, దాహంగా ఉన్నా అడిగేవారు కాదు.

"బొబ్బిలీ, ఒక పని సేస్తావా? అమ్మకి సెప్పు. నాన్న జబ్బు ఆ బిళ్ళల వల్లే వచ్చిందని సెప్పడానికి లేదని సెప్పు."

"మీరే చెప్పొచ్చు కదా మేడమ్."

"ఎన్నిసార్లు సెప్పానో. నమ్మదు. అప్పుడు డాక్టరమ్మలాగ సెప్పాను, అది నమ్మీసింది. ఇప్పుడు కూతురిలాగ సెప్తన్నానంటాది. జాలిపడి అబద్ధమాడతన్నానంటాది." ఊపిరి తీసుకోవడానికి ఆగారు. "నువ్వు డాక్టరమ్మలాగ సెప్పు. జాలి సూపించకు. నేను పోయేలోగా అది దాని సెవిన పడాల."

నాకు ఇష్టం లేదు. ఒక ముసలి మనిషిని కూర్చోబెట్టి ఇలాంటివి మాట్లాడే వయసూ, అనుభవమూ నాకు లేవు. అయినా వెళ్ళి ఆవిడను పిలుచుకొచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. స్టెతస్కోపు మెళ్ళో వేసుకున్నాను. దాంతో పనేమీ లేదు, ధైర్యానికి వేసుకున్నాను.

"మామ్మగారూ, మేడమ్ వాళ్ళ నాన్నగారు వేసుకున్న బిళ్ళలు కిడ్నీలకు మంచివి కావు. అది నిజం. కానీ ఆయన జబ్బు వాటివల్లే వచ్చిందని చెప్పడానికి లేదు. ఆ బిళ్ళలు ముట్టనివాళ్ళకీ ఇక్కడ ఈ జబ్బు వస్తోంది. ఎందుకొస్తోందో ఇప్పటిదాకా ఖాయంగా తెలియదు."

"తెలీదా?"

"తెలియదండి."

"పెద్ద డాట్రులకి?"

"వాళ్ళకీ తెలియదు."

ఆవిడ మిషను వైపు చూసింది. "దీనికి నాను ఏ బిళ్ళా ఇయ్యనేదు. సిన్నప్పుడు జరమొచ్చినా ఆకుపసరే పోసినాను. దీనికీ వచ్చినాది" అంది, తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు. తర్వాత కూతురి వైపు తిరిగింది.

"మరయితే అప్పుడు ఏటి సూసి సెప్పినావే?"

మేడమ్ కళ్ళు మూసుకున్నారు. "తెలుసనుకున్నానమ్మా."

"తెలుసనుకున్నావా?"

"ఊఁ."

"అందరి ముందరా సెప్పినావు. మీ నాన్న ఇన్నాడు. ఇని, మంచం మీంచి నాకేసి సూసినాడు. ఒక్క మాట అననేదు. ఆ సూపుతోటే ఎల్పోనాడు. ఇన్నాళ్ళూ ఆ సూపు నా ఈపు మీదే ఉన్నాది. నీకు తెలీకపోతే తెలీదనీసి ఊరుకోలేకపోనావా?"

ఆవిడ లేచి బయటికి వెళ్ళిపోయింది. ఏడుపు లేదు, కేక లేదు. రేకుల షెడ్డు కింద బెంచీ మీద మాకు వీపు పెట్టి కూర్చుంది. చెప్పకుండా ఉండాల్సింది మేడమ్, అన్నాను.

"ఎందుకు? ఇప్పటికైనా కోపం వచ్చింది కదా. నా మీద రావాల్సింది ఇన్నాళ్ళూ తన మీదే పెట్టుకుంది." చిన్నగా నవ్వడానికి ప్రయత్నించారు. "పేపరు దిద్ది ఇవ్వడంలో నేనెప్పుడూ ఇంత ఆలస్యం సెయ్యలేదే, బొబ్బిలీ."

బిళ్ళల పళ్ళెం బల్ల మీదే ఉంది. నేనే తీసి ఆవిడ నోట్లో వేశాను.

ఆ తర్వాత వెళ్ళినప్పుడు తల్లీ కూతుళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు, జీడిపిక్కల ధర గురించి, వాన గురించి. పళ్ళెం మాత్రం ఇంకా బల్ల మీదికే వచ్చేది. తల్లి వెనక్కి వేసే అడుగుల్లో మునుపటి భయం లేదు, బిగువుంది. నేను చెడగొట్టానేమోనని అడిగితే మేడమ్ మాట మార్చారు. మా పాత కాలేజీలో ఆ పరీక్ష ఇంకా నడుస్తోందా, ఆఖరి ప్రశ్న ఉంచారా తీసేశారా అని అడిగారు. తీసేశారని చెప్పాను. ఆవిడ మొహం అటు తిప్పుకున్నారు. ఆరోజే నేను పాఠాలు చెప్పే వృత్తిలోకి వెళ్ళాలని నిశ్చయించుకున్నాను.

చలికాలం మొదట్లో పోయారు. ఆరోజు పొద్దున మందులు వేసుకోవడానికి లేచి, బల్ల దాకా చెయ్యి చాచి, అలాగే ఒరిగిపోయారట. తల్లి వాకిట్లో ఉంది.

పెద్దకర్మ రోజు ఆమదాలవలసా నేనూ కలిసి వెళ్ళాం. వాడప్పటికి కిడ్నీ డాక్టరు చదువుకు తయారవుతున్నాడు. పందిట్లో మేడమ్ ఫోటో. అందులో కూడా చేతికి ఆ మగ గడియారమే. ఒక మూల నిలబడ్డాను. లోపలినుంచి ఆ తల్లి గ్లాసుతో మంచినీళ్ళు తీసుకుని వచ్చింది. అలవాటు చొప్పున నేను అరుగు వైపు చూశాను, అక్కడ పెడుతుందని.

ఆవిడ పెట్టలేదు. నా దగ్గరికి వచ్చి, నా కుడిచెయ్యి తన ఎడంచేత్తో పట్టుకుని, గ్లాసు అందులో పెట్టి, నా వేళ్ళు ఒక్కొక్కటే గ్లాసు చుట్టూ ముడిచింది. వదల్లేదు. గ్లాసు తొణికి నీళ్ళు మా ఇద్దరి మణికట్ల మీదుగా కారుతున్నాయి.

"దానికి ఇయ్యనేదు, డాట్రమ్మా" అంది. "ఇవ్వొచ్చని తెలిసి కూడా ఇయ్యనేదు. కోపం తగ్గినాక ఇద్దాంలే అనుకున్నాను."